లియోనార్డ్ చెషైర్: నాడు బాంబుల పైలట్.. తర్వాత దాదాపు 50 దేశాల్లో దివ్యాంగులకు నీడ! అసలేం జరిగింది?

యుద్ధంలో వందకు పైగా బాంబు దాడుల్లో పాల్గొన్నారు. బ్రిటన్ ఇచ్చే అత్యున్నత సాహస పురస్కారం విక్టోరియా క్రాస్ అందుకున్నారు. అలాంటి వీరుడు యుద్ధం ముగిశాక ఏ పెద్ద పదవిలోనో కూర్చుంటారని అందరూ అనుకున్నారు. కానీ ఆయన చేసింది వేరు. చావు అంచున ఉన్న ఓ రోగిని ఇంటికి తెచ్చుకుని, స్వయంగా అన్నీ తానై చూసుకున్నారు. ఆయనే గ్రూప్ కెప్టెన్ లియోనార్డ్ చెషైర్.

1917 సెప్టెంబర్ 7న ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో చెషైర్ పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివారు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో బాంబర్ పైలట్ అయ్యారు. 1940 నవంబర్‌లో జర్మనీపై దాడికి వెళ్లినప్పుడు ఆయన విమానానికి ఫిరంగి గుండు తగిలి మంటలు లేచాయి. అయినా దాన్ని వెనక్కి తీసుకొచ్చారు. 25 ఏళ్లకే గ్రూప్ కెప్టెన్ హోదా దక్కింది. కానీ ఆఫీసు కుర్చీ నచ్చలేదు. ఒక మెట్టు కింది హోదాకు దిగి మరీ, పేరుమోసిన 617 స్క్వాడ్రన్ బాధ్యత తీసుకున్నారు. 1944లో వచ్చిన విక్టోరియా క్రాస్ కూడా ఏదో ఒక్క సాహసానికి కాదు.. నాలుగేళ్ల పాటు చూపిన తెగువకు ఇచ్చారు.

నాగసాకిని చూసిన కళ్లు

1945 ఆగస్టు 9న నాగసాకిపై అణుబాంబు పడినప్పుడు బ్రిటన్ తరఫున పరిశీలకుడిగా ఓ విమానంలో చెషైర్ ఉన్నారు. దూరం నుంచే ఆ పొగ మేఘాన్ని చూశారు. అది చూశాకే ఆయన పూర్తిగా అణ్వాయుధాల వ్యతిరేకి అయ్యారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పెద్ద యుద్ధాలు రాకుండా ఆపడానికి ఆ ఆయుధాలు అవసరమనే ఆయన నమ్మారు. అయితే ఇకపై తన జీవితం దేనికి అనే ప్రశ్న మాత్రం వదల్లేదు. 1946లో ఎయిర్ ఫోర్స్ నుంచి బయటికొచ్చేశారు.

మొదటి ప్రయత్నం ఫెయిల్.. తర్వాతే అసలు మలుపు

మాజీ సైనికులు కుటుంబాలతో కలిసి బతికేలా ఓ కాలనీ పెట్టారు. అది నడవలేదు. అప్పులే మిగిలాయి. చేతిలో మిగిలింది హాంప్‌షైర్‌లోని లె కోర్ట్ అనే పెద్ద ఇల్లు ఒక్కటే. 1948లో ఆ కాలనీలో ఉండి వెళ్లిన ఆర్థర్ డైక్స్ క్యాన్సర్‌తో ఆస్పత్రిలో ఉన్నారని తెలిసింది. చేయడానికి ఇంకేమీ లేదని డాక్టర్లు తేల్చేశారు. వెళ్లడానికి ఆయనకు చోటు లేదు. చెషైర్ ఆయన్ను ఇంటికి తెచ్చుకున్నారు. నర్సింగ్ శిక్షణ లేకపోయినా స్నానం, భోజనం, పక్క శుభ్రం చేయడం.. అన్నీ తానే చేశారు. కొన్ని నెలలకే డైక్స్ చనిపోయారు.

ఆయన పోయినా తలుపు మూతపడలేదు. ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఇల్లు నిండిపోయింది. అలా పుట్టిందే చెషైర్ హోమ్. ఇంతలో 1952లో చెషైర్‌కే టీబీ వచ్చింది. రెండేళ్లకు పైగా శానిటోరియంలో మంచం పట్టారు. అయినా హోమ్‌ల పని ఆగలేదు.

ఇండియాతో విడదీయలేని బంధం

1955లో ఆయన ఇండియాకు వచ్చారు. ముంబైలోని అంధేరిలో బెత్లెహెం హౌస్ మొదలైంది. 1959 ఏప్రిల్‌లో ముంబైలోనే స్యూ రైడర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె కూడా యుద్ధంలో పనిచేశారు. తర్వాత యూరప్‌లో శరణార్థులకు, నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడిన వాళ్లకు సేవ చేశారు. ఇద్దరూ కలిసి డెహ్రాడూన్‌లో రాఫెల్ కేంద్రాన్ని ప్రారంభించారు. కుష్ఠు రోగులకు, మానసిక వైకల్యం ఉన్న పిల్లలకు అది నీడైంది.

సొంత ఇంట్లోనే ప్రశ్నలు

అంతా సాఫీగా సాగలేదు. లె కోర్ట్‌లో ఉన్నవాళ్లే తమ జీవితంపై నిర్ణయాలు వేరేవాళ్లు తీసుకోవడమేంటని నిలదీశారు. వారిలో ఒకరైన పాల్ హంట్, దివ్యాంగులను సంస్థల్లో విడిగా ఉంచడమే తప్పని వాదించారు. 1972లో ఆయన చొరవతో మొదలైన ఉద్యమం బ్రిటన్‌లో దివ్యాంగుల హక్కుల పోరాటానికి పునాది వేసింది. ఆ తర్వాత కాలంలో చెషైర్ సంస్థ కూడా మారింది. హోమ్‌లతో పాటు, సొంత ఇంట్లోనే ఉంటూ సాయం పొందే సేవలు, ఉపాధి వైపు అడుగులేసింది. జాలి చూపడం వేరు, హక్కు ఇవ్వడం వేరని ఆ ఇంటి చరిత్రే చెబుతోంది.

1981లో ఆర్డర్ ఆఫ్ మెరిట్, 1991లో లార్డ్ హోదా చెషైర్‌కు దక్కాయి. చివరికి కండరాలను చచ్చుబడేలా చేసే మోటార్ న్యూరాన్ వ్యాధి ఆయనకే వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఎవరికోసం పనిచేశారో వారిలో ఒకరిగా మారారు. 1992 జూలై 31న, 74 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఒక్క రోగితో మొదలైన ఆ పని అప్పటికే దాదాపు 50 దేశాలకు చేరింది.