అందరి పిన్ని ఫ్రాన్సెస్ హావర్గల్

క్రిస్మస్ వచ్చిందంటే మన ఇళ్లలో ఒక పిన్నో, ఒక మేనత్తో తప్పక కనిపిస్తుంది. ఇంటిమీద నక్షత్రం కట్టించేది ఆమె, పిల్లల చేత కంఠత వాక్యాలు వల్లె వేయించేది ఆమె, తెల్లవారుజామున ఆరాధనకు నిద్రమత్తులో ఉన్న చిన్నవాళ్లను లేపి, తల దువ్వి, గుడికి నడిపించేది కూడా ఆమే. పెళ్లి కాలేదనో, పిల్లలు లేరనో బంధువులు ఆమె వెనుక జాలిగా మాట్లాడుకుంటారు. కానీ సండేస్కూలు నడిచేది అలాంటి స్త్రీల వల్లే. వారి జీవిత చరిత్రలు రాసేవారుండరు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో అలాంటి ఒక పిన్ని చరిత్ర మాత్రం లోకానికి మిగిలింది. ఆమె పేరు ఫ్రాన్సెస్ రిడ్లీ హావర్గల్. టేక్ మై లైఫ్ అనే సమర్పణ కీర్తన రాసిన రచయిత్రిగా ఆమె క్రైస్తవ లోకానికంతా తెలుసు. ఇంటి మనిషిగా ఆమె తెలిసింది తక్కువ.

ఆమె 1836 డిసెంబరు 14న వూస్టర్‌షైర్‌లోని ఆస్ట్లీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి విలియం హెన్రీ హావర్గల్ ఆ ఊరి ఆంగ్లికన్ గుడి పాదిరి, పైగా పేరున్న సంగీతకర్త. ఆరుగురు సంతానంలో ఫ్రాన్సెస్ ఆఖరిది. పెద్దక్క మిరియంకూ ఈమెకూ మధ్య తరం అంత తేడా. నాలుగేళ్లకే బైబిలు చదివేది, ఏడేళ్లకు పద్యాలు కట్టేది. ఒకచోట నిలవని ఆ పిల్లను తండ్రి ముద్దుగా పాదరసం అని పిలిచేవారట. రిడ్లీ అన్న మధ్యపేరు ఆమె జ్ఞానతండ్రి ఇంటిపేరు. విశ్వాసం కోసం 1555లో సజీవ దహనమైన బిషప్ రిడ్లీ వంశం ఆయనది. ఆ పేరును ఆమె ఎంతో గౌరవంగా మోశారు.

పదకొండేళ్ల వయసులో, 1848 జూలైలో, తల్లి చనిపోయింది. పోయేముందు ఆ తల్లి చిన్నకూతురికి అప్పగించింది ఒక ప్రార్థన. ముందున్న దినాల్లో దేవుడు తన కోసం ఏమి సిద్ధం చేస్తున్నాడో దానికి తనను కూడా సిద్ధం చేయమని అడుగుతూ ఉండమంది. ఆ పిల్ల దుఃఖాన్ని లోపలే దాచుకుంది. పైకి నవ్వుతూ తిరిగేది కనుక బాధ లేదని పెద్దవాళ్లు అనుకున్నారు. తనను దేవుడు అంగీకరించాడో లేదో అన్న దిగులు కూడా అలాగే లోపల ఏళ్లపాటు ఉండిపోయింది. పాదిరిగారి అమ్మాయికి రక్షణ గురించి సందేహమా అని ఎవరికీ తోచలేదు కాబోలు. మన పాస్టర్ల ఇళ్లలోనూ ఇదే జరుగుతుందని మాకు తోస్తుంది. ఊరంతటికీ వాక్యం చెప్పే ఇంట్లో ఆఖరి బిడ్డ మనసులో ఏముందో అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

అడిగిన మనిషి చివరికి బయటినుంచి వచ్చింది. 1851 ఫిబ్రవరిలో, పదిహేనేళ్లయినా నిండని ఫ్రాన్సెస్ తన భయాలన్నీ కరోలిన్ కుక్ అనే పెద్దామె దగ్గర విప్పి చెప్పుకుంది. క్రీస్తు మళ్లీ వచ్చేవరకూ ఎదురుచూడడం ఎందుకు, ఇప్పుడే ఆయనకు నిన్ను అప్పగించుకోవచ్చు కదా అన్న అర్థం వచ్చేలా ఆమె అడిగింది. పిల్ల తన గదిలోకి పరుగెత్తి మోకరించింది. ఆ కరోలిన్ కుక్కే కొద్ది నెలల్లో వారి తండ్రిని వివాహమాడి సవతితల్లిగా ఆ ఇంట అడుగు పెట్టారు. సవతితల్లి అనగానే మనకు కథల్లోని గయ్యాళి గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం ఆ బంధం రక్షణ సంభాషణతో మొదలైంది.

తర్వాత జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో చదువు, 1854లో వూస్టర్ కథీడ్రల్‌లో కన్ఫర్మేషన్. హెబ్రీ, గ్రీకు నేర్చుకున్నారు. సువార్తలు, పత్రికలు, ప్రకటన, కీర్తనలు, యెషయా గ్రంథం ఆమెకు కంఠస్థం. షికారుకు వెళ్లినప్పుడు అక్క మరియాతో కలిసి ఒక వచనం ఒకరు, మరో వచనం ఒకరు చెప్పుకుంటూ నడిచేవారు. చలికాలం ఉదయాన వణుకుతూ బల్ల దగ్గర బైబిలు చదువుతుంటే, నెగడి దగ్గర కూర్చోరాదా అని అక్క అంటే ఒప్పుకునేవారు కారు. అక్కడైతే వచనాల కింద గీతలు తిన్నగా రావని ఆమె బాధ!

ఇంగ్లీషులో ఆంట్ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు గానీ, మన లెక్కలో ఫ్రాన్సెస్ ఇద్దరు మనుషులు. అక్కలు మిరియం, ఎలెన్‌ల పిల్లలకు పిన్ని. అన్నలు హెన్రీ, ఫ్రాంక్‌ల పిల్లలకు మేనత్త. అక్క పిల్లలు మనకు మేనకోడళ్లు కారు, సొంత కూతుళ్లే. ఫ్రాన్సెస్‌కు తెలుగు తెలియదు కానీ ఆ వరస ఆమె బ్రతుకులో ఉంది. 1861లో పెద్దక్క మిరియం ఇల్లయిన ఓక్‌హాంప్టన్‌కు వెళ్లి, అక్క చిన్నకూతుళ్లిద్దరికీ చదువు చెప్పే పని చేపట్టారు. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. చక్కని గొంతు, పియానో మీద బెథోవెన్ సంగీతాన్ని పుస్తకం చూడకుండా వాయించగల వేళ్లు, నాలుగైదు భాషలు. అంత విద్య ఉన్న మనిషి ఇద్దరు పిల్లల పలకాబలపాల దగ్గర కూర్చుందేమిటని నేటి తల్లిదండ్రులు అనుకుంటారేమో. ఆమె అలా అనుకున్నట్లు లేదు. ఆ కొన్నేళ్లు ఆ పిల్లలతో కలిసి చదివారు, ఆడారు, వారి ఆత్మల కోసం ప్రార్థించారు. పక్కనే ఉన్న కిడర్‌మిన్‌స్టర్ సంగీత సంఘంలో పాడింది కూడా ఆ రోజుల్లోనే.

సంఘంలో ఆమె పని అంతకంటే ముందే మొదలైంది. తండ్రి 1845లో వూస్టర్‌లోని సెయింట్ నికొలస్ గుడికి మారాక, తొమ్మిదేళ్ల పిల్లగా ఉండగానే సండేస్కూలులో చిన్నవారికి పాఠం చెప్పడం ఆరంభించారు. తన తరగతి పిల్లలకోసం ఒక రిజిస్టరు పెట్టుకున్నారు. దానిలో ప్రతి బిడ్డ పుట్టినరోజు, తరగతిలో చేరిన తేదీ, ఇంటి పరిస్థితి, ఆ బిడ్డ స్వభావం గురించి ఒకటి రెండు మాటలు. ఏళ్ల తరబడి దాన్ని శ్రద్ధగా నింపారు. హాజరు వేసే రిజిస్టరు మన సంఘాల్లోనూ ఉంది. పుట్టినరోజు రాసే రిజిస్టరు ఎన్నిచోట్ల ఉంటుంది? ప్రార్థనకూ ఆమెకు ఇలాంటి పట్టికే ఉండేది. వారంలో ఏ రోజు ఎవరికోసమో రాసుకుని, తోబుట్టువులనూ వారి పిల్లలనూ వదలకుండా దేవుని ఎదుట పేరుపేరునా తలచుకునేవారు.

పండుగలంటే ఆమెకు మహా ఇష్టం. తన పుట్టినరోజుకు పదకొండు రోజులకే క్రిస్మస్, ఆ వెంటనే కొత్త సంవత్సరం. శుభాకాంక్షల కార్డుల మీద ముద్రించడానికి క్రిస్మస్, నూతన సంవత్సర, జన్మదిన పద్యాలు ఆమె లెక్కలేనన్ని రాశారు. బంధువుల్లో ఎవరి పుట్టినరోజైనా నాలుగు చరణాలు వెళ్లాల్సిందే. పెద్ద కవులు ఇలాంటి వాటిని చిన్నచూపు చూస్తారు. నిజమే, వాటిలో కొన్ని తేలిక రచనలే. అయితే ఇంట్లో గోడకు తగిలించుకునే కార్డు మీద ఒక వాక్యం ఉంటే అది ఏడాది పొడుగునా ఆ ఇంటివారి కళ్లబడుతుందన్న సంగతి ఆమె ఎరుగును. మన ఇళ్లలో వాగ్దాన క్యాలెండర్ చేసే పని అదే కదా.

పిల్లలకోసం రాసిన చిన్న పుస్తకాల్లో లిటిల్ పిల్లోస్, అంటే చిన్న తలగడలు, అన్నింటికన్నా ముద్దొస్తుంది. నెలలోని 31 రాత్రులకూ 31 చిన్న పాఠాలు. ఇంటికి దూరంగా ఒక వారం ఉండడానికి వచ్చిన ఒక చిన్నపాప కథతో అది మొదలవుతుంది. పడుకోబోయే పాపను ఒక పెద్దామె, నీ చిన్న తలగడ సిద్ధమేనా అని అడుగుతుంది. మంచం మీద తలగడ ఉంది కదా అని పాప తికమక పడుతుంది. తలకు దిండు ఉన్నట్టే మనసు ఆనుకుని నిద్రపోవడానికి ఒక చిన్న వాక్యం కావాలని ఆమె చెబుతుంది. దీనికి జతగా ఉదయాలకు మార్నింగ్ బెల్స్ రాశారు. పిల్లలను నిద్రపుచ్చిన అనుభవం లేనివారు రాయగలిగిన పుస్తకం కాదది.

ఇదంతా చదివి ఆమె బ్రతుకు పండుగలా సాగిందని అనుకోకూడదు. 1870 ఈస్టర్ వారంలోనే తండ్రి హఠాత్తుగా కన్నుమూశారు. ఆయన స్వరపరచిన సంగీతాన్ని సరిచూసి అచ్చుకు సిద్ధం చేసే భారం ఆమె మీద పడింది. ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. 1874 చివర టైఫాయిడ్ నెలల తరబడి మంచాన పడేసింది. ఆ కుటుంబంలోనే, తోబుట్టువు కూతురు ఎవెలిన్ చిన్న వయసులో ప్రభువు సన్నిధికి వెళ్లింది. ఫ్రాన్సెస్ మనసులో ఆ పిల్ల స్థానం ఎంతటిదో తర్వాత ఒక సంఘటనలో బయటపడింది. దాని గురించి చెప్పేముందు టేక్ మై లైఫ్ కీర్తన సంగతి చెప్పాలి.

1873 డిసెంబరులో ఒక చిన్న పుస్తకం చదివి, సంపూర్ణ సమర్పణ అంటే ఏమిటో ఆమె కొత్తగా గ్రహించారు. రెండు నెలలకు ఏర్లీ హౌస్ అనే ఇంటికి అయిదు రోజులు అతిథిగా వెళ్లారు. ఆ ఇంట్లో పదిమంది. కొందరు అప్పటికి రక్షణ లేనివారు, వారికోసం ఎంతోకాలంగా ప్రార్థనలు జరుగుతున్నాయి. కొందరు విశ్వాసులే గాని ఆనందం ఎరుగరు. ఈ ఇంట్లో ఉన్నవారందరినీ నాకివ్వమని దేవుణ్ని అడిగారామె. వెళ్లిపోయే ముందురాత్రి పిల్లలకు చదువు చెప్పే ఆమె వచ్చి, అమ్మాయిలిద్దరూ ఏడుస్తున్నారు, రమ్మని పిలిచింది. ఆ రాత్రి వారిద్దరూ ప్రభువును నమ్ముకున్నారు. సంతోషంతో ఫ్రాన్సెస్‌కు నిద్ర పట్టలేదు. 1874 ఫిబ్రవరి 4న ఆ నిద్రలేని రాత్రి, ఒక్కొక్క జంట పాదంగా ఆ కీర్తన రూపుదిద్దుకుంది. బ్రతుకు, క్షణాలు, చేతులు, పాదాలు, గొంతు, వెండి బంగారాలు, మనసు, ప్రేమ అంటూ ఒక్కొక్కటే దేవుని చేతిలో పెట్టే పాట అది. గొప్ప సభలో పుట్టలేదు, ఒకరి ఇంట్లో ఆడపిల్లలిద్దరి కన్నీళ్లు తుడిచిన రాత్రి పుట్టింది.

వెండి బంగారాల మాట పాడడం సులువు. నాలుగేళ్ల తర్వాత, 1878 ఆగస్టులో, ఆమె తన నగలపెట్టెను చర్చ్ మిషనరీ సొసైటీకి పంపేశారు. పెట్టె కూడా రాణివాసపు స్త్రీలకు తగినంత అందమైనది. సుమారు యాభై వస్తువులు. పెట్టె సర్దడంలో ఇంత సంతోషం ఎన్నడూ ఎరగనని స్నేహితురాలికి ఉత్తరం రాశారు. ఈ సంగతిని కానుకల ఆదివారాల్లో మన ప్రసంగీకులు తరచుగా చెబుతారు. సగమే చెబుతారని మా ఫిర్యాదు. ఎందుకంటే ఆమె అన్నీ పంపలేదు. తల్లిదండ్రుల గుర్తుగా రోజూ పెట్టుకునే పిన్ను ఒకటో రెండో ఉంచుకున్నారు. ఎవెలిన్ రూపం తన దగ్గర మిగిలింది ఒక్క లాకెట్‌లోనే, అది ఉంచుకున్నారు. ఆ పిల్ల ఉంగరాలు రెండూ ఉంచుకున్నారు. అయితే ఉంచుకున్న వాటి విలువ కట్టి, ఆ సొమ్మును కూడా సొసైటీకే చెల్లించారు. పంపిన యాభై నగలకన్నా ఉంచుకున్న ఆ లాకెట్టే ఆమెను మనకు దగ్గర చేస్తుంది. సమర్పణ అంటే చనిపోయిన బిడ్డ బొమ్మను కూడా అమ్మేయడం అని ఆమె అనుకోలేదు. దేవుని పాలు ఎగ్గొట్టి దాచుకోవడమూ ఆమెకు ఇష్టం లేదు. పెళ్లిళ్లలో అత్తలూ పిన్నులూ పెట్టిన బంగారం, పోయినవారి గాజులు బీరువాలో ఉన్న మన ఇళ్లకు ఈ లెక్క అర్థం కాకపోదు.

ఆ సొసైటీ మనకు పరాయిది కాదు. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నంలో అడుగుపెట్టింది దాని మిషనరీలుగానే. ఫ్రాన్సెస్ తండ్రి కాలం నుంచీ ఆ ఇంట్లో మిషనరీ పని కోసం ప్రార్థన సాగేది.

1878 మే నెలలో సవతితల్లి కూడా చనిపోయాక లెమింగ్టన్‌లోని ఇల్లు విడిచి, ఆ ఏడాది అక్టోబరులో అక్క మరియాతో కలిసి వేల్స్‌లో స్వాన్సీ దగ్గరి మంబుల్స్ సముద్రతీరానికి వెళ్లారు. అక్కడి గదిలో అమెరికా టైప్‌రైటరు ఒకటి ఉండేది. ఉత్తరాలు ఎక్కువై చెయ్యి నొప్పెడుతుంటే దానితో కొట్టేవారు. సొంత అక్కల పిల్లలు దూరంగా ఉంటే ఊరి పిల్లలే ఆమె పిల్లలయ్యారు. యెషయా 53వ అధ్యాయం తప్పులేకుండా అప్పజెప్పినవారికి కొత్త బైబిలు ఇస్తానని మాటిచ్చారు. 1879 మే 21న తీరాన కొందరు పనివారితోనూ కుర్రవాళ్లతోనూ మాట్లాడుతూ మంచులో, తేమలో నిలబడ్డారు. జలుబు, జ్వరం, ఆపై కడుపులో భరించలేని నొప్పి. కెప్ట్ ఫర్ ద మాస్టర్స్ యూస్ పుస్తకం ప్రూఫులు ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయి. తోబుట్టువులు చుట్టూ చేరారు. జూన్ 3, పెంతెకొస్తు వారపు మంగళవారం. పాడడానికి ప్రయత్నించి, ఒక స్వరం పలికి, ఆగిపోయారు. వయసు నలభై రెండు.

పుట్టిన ఊరు ఆస్ట్లీలో, తండ్రి సమాధి దగ్గరే ఆమెను పాతిపెట్టారు. రాతిమీద 1 యోహాను 1:7 వచనం ఉండాలని ముందే కోరారు, అదే చెక్కించారు. మరుసటి ఏడాది అక్క మరియా ఆమె జీవిత చరిత్ర ప్రచురించారు. ఆమె పేరిట పోగైన స్మారక నిధిని చర్చ్ మిషనరీ సొసైటీకి అప్పగించారు. ఇళ్లలోకి వెళ్లి ఆడవారికి, పిల్లలకు వాక్యం చదివి వినిపించే బైబిలు స్త్రీలను భారతదేశంలో తర్ఫీదు చేయడానికీ, ఆమె పుస్తకాలను ఇక్కడి భాషల్లోకి తర్జుమా చేయించడానికీ ఆ సొమ్ము కేటాయించారు.