అతిథి నుండి వాటాదారు వరకు: స్వామి జ్ఞానానంద

మా శింగనమల చెరువు వంటిది ఏ ఒక్క రైతూ తవ్వించుకోలేడు. అణు పరిశోధనా అంతే. అందుకే ఈ సంచికకు స్వామి జ్ఞానానందగారి జీవితాన్ని ఎంచుకున్నాను.

వారు 1896లో భీమవరం దగ్గరి గొరగనమూడిలో జన్మించారు. పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలలో యోగసాధన చేశారు. తరువాత జర్మనీ వెళ్ళగా, అక్కడ భౌతికశాస్త్రం వారిని ఆకర్షించింది. ప్రేగ్‌లో ఎక్స్-కిరణాలపై పరిశోధించి డాక్టరేటు పొందారు. లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ వద్ద బీటా కిరణాలపై పనిచేశారు. అమెరికాలోనూ పరిశోధించారు. అవసరమైన పరికరాలు ఎక్కడుంటే అక్కడికి అతిథిగా వెళ్ళవలసిన కాలమది.

1947లో స్వదేశం చేరి, 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, విశాఖలో అణుభౌతిక శాస్త్ర శాఖను నెలకొల్పారు. 1969లో పరమపదించారు. అక్కడి ప్రయోగశాలలు వారి పేరుతోనే ఉన్నాయి.

అదే 1954లో ఐరోపాలో 12 దేశాలు కలిసి 'సెర్న్' స్థాపించాయి. ఏ దేశ ఆదాయాన్నిబట్టి ఆ దేశం చందా. 2017లో భారతదేశం అందులో అనుబంధ సభ్యురాలైంది. అంతకు ముందే, 2010లో, జర్మనీలో 'ఫెయిర్' అనే అణుపరిశోధనా కేంద్రం కోసం 9 దేశాలు ఒప్పందం చేసుకోగా, అందులోనూ మన దేశం ఉంది. మన వాటాలో కొంత ఇక్కడ తయారైన పరికరాల రూపంలోనే చెల్లుతుంది.

స్వామివారు అతిథిగా అడుగుపెట్టిన దేశంలోనే నేడు మనం వాటాదారులం. చందా కట్టినవాని మాటకే సభలో విలువ. లెక్కల పుస్తకాలతో తల నెరిసిన నాకు తెలిసిన సత్యమిదే. మన సంఘానికీ అది వర్తిస్తుందని సవినయంగా మనవి.