రుద్రసేనాని ప్రమాణము

గోదావరి యొడ్డున నున్న ఏటూరునాగారము విడిచి, తాడ్వాయి యడవి దాటి, గోవిందరావుపేట మీదుగా ఓరుగల్లు వైపు వచ్చు బాటసారి జంగాలపల్లి కడ దారి మరలినచో పాలంపేట యను చిన్న యూరు చేరును. ఒకప్పుడు వరంగల్లు జిల్లాకు చెంది, 2019 నుండి ములుగు జిల్లాలో నున్న యీ యడవిసీమలో ఎఱ్ఱరాతి గుడి యొకటి కలదు. జనులు దానిని రామప్పగుడి యందురు. రామప్ప యనునాతడు దానిని చెక్కిన శిల్పి యని వాడుక. కట్టించిన ప్రభువు పేరు వెనుకబడి, చెక్కిన పనివాని పేరు జనుల నాలుకపై నిలిచినది. అందులకు మేము చింతింపము. పనివానిని తలచుకొను జాతి చెడిపోదు. కాని కట్టించినవాని చరిత్రము తెలియనిదే ఆ గుడి యర్థము పూర్తిగా తెలియదు. ఆతడు రేచెర్ల రుద్రసేనాని.

రుద్రుడు రాజవంశమున బుట్టినవాడు కాడు. రేచెర్లవారు తరతరములుగా కాకతీయులకు సేనాపతులు. వారి పూర్వుడగు బ్రహ్మసేనాని కాకతి బేతరాజు పక్షమున నిలిచి కాంచీపురపు కోట వాకిళ్లను తెఱచెనని పాలంపేట శాసనము చెప్పుచున్నది. కత్తి పట్టుట, ప్రభువునకు మాట యిచ్చుట, ఇచ్చిన మాట నిలుపుకొనుట యనునవి ఆ యింటివారికి పుట్టుకతో వచ్చిన విద్యలు. రుద్రుని కాలమున ఆ మూడవ విద్యకు కఠినమైన పరీక్ష వచ్చినది.

కాకతీయులు చాళుక్యుల సామంతత్వమును వదలి స్వతంత్రులై యెన్నో యేండ్లు కాలేదు. 1163లో రుద్రదేవ మహారాజు హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనమున తన ప్రతాపమును లోకమునకు చాటెను. 1195 ప్రాంతమున ఆ మహారాజు దేవగిరి యాదవులతోడి యుద్ధమున కూలెను. తమ్ముడగు మహాదేవుడు సింహాసన మెక్కి, కొలది యేండ్లకే ఆ యాదవులపై దండు వెడలి, అచ్చటనే ప్రాణములు కోల్పోయెను. ఆతని కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు చిక్కి దేవగిరి చెఱలో పడెను. ఇట్లు నాలుగైదేండ్లలో ఇద్దరు రాజులు పోయిరి. వారసుడు పగవారి బందీ యయ్యెను. ఇట్టి వేళ సామంతులు ఏమి చేయుదురో చరిత్రము చదివినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. నిన్నటివరకు కప్పము గట్టినవాడు నేడు తానే రాజునని చాటుకొనును. పొరుగువాడు పొలిమేర దాటును.

అప్పుడు సేనలు రుద్రుని చేతిలో నున్నవి. కోట ఆతని కావలిలో నున్నది. సింహాసనము ఖాళీగ నున్నది. ఆతడు దానిపై కూర్చుండిన అడ్డువాడు లేడు. లోకము కూడ కొంతకాలమునకు సమాధానపడియుండును. మన దేశచరిత్రమున అట్టి సేనానులు కొందఱు లేకపోలేదు. రుద్రుడు ఆ పని చేయలేదు. తిరుగబడిన సామంతులను అణచి, పొలిమేరలను కాచి, లేని రాజు పేర రాజ్యమును నిలిపెను. యాదవరాజగు జైతుగి 1199లో గణపతిదేవుని విడిచిపంపగా, రుద్రుడు రాజ్యమును ప్రభువునకు అప్పగించి మరల సేనాని స్థానముననే నిలిచెను. కాకతీయరాజ్యభార ధౌరేయుడను బిరుద మాతనికి కలదు. అనగా కాకతీయుల రాజ్యపు బరువును కాడి క్రింద మెడ పెట్టి మోసినవాడని. కాడి మోయు ఎద్దు పొలమునకు యజమానురాలు కాదు. ఆ బిరుదమున ఆతని జీవితమంతయు ఇమిడియున్నది.

ఆనాడు దక్కిన రాజ్యమును గణపతిదేవుడు 1262 వరకు, అనగా అఱువదేండ్లకు పైగా ఏలెను. తెలుగుసీమలను పెక్కింటిని ఒక్క గొడుగు క్రిందికి తెచ్చెను. ఆ యైక్యమును తలచి గర్వించు మనము, దానికి ముందు గడచిన గడ్డుకాలమున రాజ్యమును పోనీక కాచినవానిని కూడ తలచవలసియున్నది.

ఇక గుడి మాట. శక సంవత్సరము 1135, శ్రీముఖ నామ సంవత్సర చైత్రమాసమున, ఒక యాదివారమునాడు, అనగా 1213 మార్చి 31న, ఆతుకూరు సీమలో రుద్రుడు రుద్రేశ్వరుని ప్రతిష్ఠించెనని శాసనము. దాని చెంతనే తన వంశపు పెద్దల పేర కాటేశ్వర కామేశ్వరాలయములు వెలసినవి. గుడికి తోడుగ కొండల నడుమ కట్ట వేసి పెద్ద చెఱువు కట్టించెను. సింహాసనమును కాదన్న చేతులు రాతిని, నీటిని చేపట్టినవి.

మన భాషలో ప్రమాణమను మాట కొకటికి మించిన యర్థములు గలవు. దేవుని యెదుట చేయు ఒట్టును ప్రమాణ మందుము. కొలతను ప్రమాణ మందుము. రుద్రుడు ఒట్టును నిలిపిన విధము చెప్పితిమి. ఆతని గుడి కొలతను నిలిపిన విధము చెప్పవలసియున్నది.

మా పాఠకులలో ననేకులు ప్రవర చెప్పుకొనునప్పుడు ఆపస్తంబ సూత్రులమని పలుకుచుందురు. ఆ యాపస్తంబుని పేర శుల్బసూత్రమను గ్రంథ మొకటి కలదని వారిలో నెందఱికి తెలియును? శుల్బమనగా త్రాడు. యజ్ఞవేదికను త్రాటితో కొలిచి నేలపై గీయు శాస్త్రమది. మూడు, నాలుగు, ఐదు పాళ్లుగా త్రాటిని బిగించిన మూలమట్టము తప్పక వచ్చునని అందు కలదు; ఐదు, పండ్రెండు, పదుమూడు పాళ్ల త్రాడును అట్టిదే. చతురపు భుజము తెలిసిన కర్ణము కనుగొను లెక్కయు కలదు. భుజము 408 అనుకొందము. దానికి మూడవ వంతు 136 కలుపవలెను. ఆ మూడవ వంతులో నాలుగవ వంతు 34 కలుపవలెను. ఈ కడపటిదానిలో ముప్పదినాలుగవ వంతు, అనగా 1, తీసివేయవలెను. వచ్చినది 577. నేటి గణితము చొప్పున వచ్చు కర్ణమునకును దీనికిని గల తేడా ఒకటిలో వేయవవంతు కంటెను తక్కువ. భూమి కొలిపించుకొని గట్టు తగవులు తీర్చుకొను మన రైతులకు ఈ లెక్క విలువ మేము చెప్పవలసిన పని లేదు.

వేదిక నుండి గుడికి ఈ కొలత నడచివచ్చినది. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో దేవాలయమును 64 గళ్ల చతురముగా గీయుమని చెప్పెను. వెడల్పునకు రెట్టింపు ఎత్తు. వెడల్పులో సగము గర్భగృహము. గర్భగృహములో నాలుగవ వంతు వాకిలి. వాకిలి వెడల్పునకు రెట్టింపు దాని యెత్తు. గళ్లలో లెక్కించి చూడుడు. ఎనిమిదికి ఎనిమిది గళ్ల చతురమున నడుమ నాలుగుకు నాలుగు, అనగా 16 గళ్లు దేవునికి. మిగిలిన 48 గళ్లు చుట్టును గోడకు. నాలుగింట మూడు పాళ్లు గోడయే! ఇది వట్టి ఆచారము కాదు. పైన నున్న శిఖరపు బరువు గోడలను వెలుపలికి త్రోయకుండ నిలుపవలె నన్న అంత దిట్టమైన గోడ కావలెను. శాస్త్రకారుడు శ్లోకములో చెప్పినదానిని ఉలి పట్టినవాడు రాతిలో అనుభవించి యెఱుగును.

పాలంపేట గుడి ఈ నియమములనే అంగుళము తప్పక పాటించినదని మేము చెప్పము. దక్షిణాపథపు స్థపతులకు తమ సంప్రదాయములు, తమ మార్పులు కలవు. కాని కొలత నెఱిగినవారి చేయి అచ్చట ప్రతి రాతను కానవచ్చును. ఆఱడుగుల యెత్తున మూలలు మూలలుగా తీర్చిన జగతి. మూడు దిక్కులకు మూడు వాకిళ్లు గల మండపము. మండపము నడుమ చతురముగా నిలిచిన నాలుగు నల్లరాతి స్తంభములు. వెలుపలి చూరుల క్రింద పండ్రెండుగురు మదనికలు. ఆ కాలపు మండపముల కప్పులలో చతురపు నాలుగు మూలలను నాలుగు ముక్కోణపు రాళ్లతో మూసి, నడుమ మిగిలిన ఖాళీని మరల చతురముగా మలచు పద్ధతి యున్నది. భుజముల నడిమి బిందువులను కలిపి గీచిన లోపలి చతురము వెలుపలిదానిలో సరిగా సగము. ఇది శుల్బకారుల లెక్కయే. త్రాటికి బదులు రాయి, నేలకు బదులు కప్పు.

అన్నిటికంటె గొప్ప లెక్క బరువు లెక్క. క్రింద బరువైన రాయి, పైన శిఖరమున తేలిక యిటుక. ఆ యిటుక నీటిపై తేలును. కాలునప్పుడు బూడిదయై పోవు పదార్థమును మట్టిలో కలుపుటచే ఇటుక నిండ సన్నని రంధ్రము లేర్పడినవి. ఘనపుటడుగు నీరు సుమారు 62 పౌనులు తూగును. మామూలిటుక నూఱు పౌనులకు మించి తూగును. ఈ యిటుక నీటికంటె తక్కువ. అనగా శిఖరపు బరువు సగమునకు దగ్గఱగా తగ్గినది. పునాదిలో ఇసుక నింపిరి. కాలక్రమమున నేల క్రుంగి, అలలవలె మిట్టపల్లములైనను గుడి కూలలేదు. ఎనిమిది వందల యేండ్లు గడచినవి.

ఇచ్చట చరిత్రములోని చిత్రమొకటి మనవి చేయుదుము. గణపతిదేవుని చెఱ పెట్టిన ఆ యాదవుల ఆస్థానమే ఆనాడు గణితమునకు పట్టుగొమ్మ. లీలావతీ గ్రంథకర్తయగు భాస్కరాచార్యుని కుమారుడు లక్ష్మీధరుని పండితులలో అగ్రగణ్యునిగా పిలిపించుకొన్నవాడు ఆ జైతుగియే. భాస్కరుని మనుమడు చాంగదేవుడు యాదవ సింఘణుని జ్యోతిషికుడై, తాతగారి గ్రంథములు చదివించుటకు ఖాందేశములోని పాటణమున మఠము స్థాపించినట్లు 1207 నాటి శాసనము కలదు. దానికి ఆఱేండ్ల తరువాతనే పాలంపేట ప్రతిష్ఠ. తెలుగువారును వెనుకబడియుండలేదు. అంతకు పూర్వమే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించెను. చదరంగపు 64 గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టించుచు పోయినచో మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 అగునని, చంద్రుడనగా ఒకటి, వేదములనగా నాలుగు, కొండలనగా ఏడు అను సంకేతములతో పద్యమున ఇమిడ్చెను. రాజులు కత్తులు దూసికొన్న దినములలో లెక్కకు మాత్రము పొలిమేర లేకపోయెను.

ఈ కథను ఇంత విపులముగా చెప్పుటకు కారణము కలదు. మన పూర్వులకు ఏమియు తెలియదని తలయూపువారు కొందఱు; వారికి సర్వమును తెలియునని భుజము తట్టుకొనువారు కొందఱు. ఈ రెండు తెగలవారికిని కొలబద్ద పట్టు శ్రమ తప్పినది. ఏ గుడిలోనైనను నూఱు పొడవులు కొలిచి, నచ్చిన రెంటిని ఏరి, ఒకదానిని వేఱొకదానిచే భాగించి, అందు గ్రహముల దూరమో ప్రపంచ రహస్యమో కనిపించినదని చెప్పుట సులువు. ఏ యింటి గోడలలోనైనను అట్టి రహస్యములు దొరకును! అది ఋషులకు చేయు నమస్కారము కాదు. వారి శాస్త్రమునకు చేయు అవమానము. శుల్బకారుడు లెక్కను ఎవరైనను త్రాడు పట్టి సరిచూచుకొనునట్లు చెప్పెను. ఆ మార్గము మనకు పెద్దలిచ్చిన ఆస్తి.

ఆ మార్గమున నడచినవారును లేకపోలేదు. గులాం యజ్దానీగారు 1922లో పాలంపేట ఆలయములపై ప్రత్యేక గ్రంథము ప్రకటించిరి. 2021 జూలై 25న యునెస్కోవారు రుద్రేశ్వరాలయమును ప్రపంచ వారసత్వ స్థానములలో చేర్చిరి. రెండు తెలుగు రాష్ట్రములలో ఆ గౌరవము పొందినవానిలో అది మొదటిది. ఆ వార్త విని మనము సంతోషించితిమి. సంతోషముతో పని తీరదు. ఊరూర శిథిలమగుచున్న కాకతీయపు గుళ్లెన్ని? వానిని మూలమట్టముతో, గొలుసుతో కొలిచి పటములు గీచి యుంచిన గ్రామము లెన్ని? పాఠశాలలో కర్ణసూత్రము వల్లించు పిల్లవానిని ఊరి గుడి కప్పు క్రింద నిలిపి అదే సూత్రమును రాతిలో చూపిన ఉపాధ్యాయులెందఱు? కలిగినవారు గుడికి సున్నము కొట్టించుటకు ధన మిత్తురు. అందులో కొంత కొలతలు తీయించుటకు, పటములు అచ్చు వేయించుటకు ఇచ్చినచో తరువాతివారికి ఉపకార మగును. రాయి కూలినను కొలత మిగిలియున్న మరల నిలుపవచ్చును. కొలత పోయిన తరువాత రాయి మిగిలియు ప్రయోజనము లేదు.

రుద్రుడు కట్టించిన చెఱువు క్రింద నేటికిని వరి పండుచున్నది. తూము తెఱచినప్పుడు ఏ మడికి ఎంత నీరో రైతు లెక్క చూచుకొనును. తన వంతునకు మించి మలుపుకొన్నవాడు ఊరికి జవాబు చెప్పును. ఆ చెఱువు కట్టించిన సేనాని ఒకప్పుడు ఖాళీ సింహాసనము ముందు నిలిచి తన వంతునకు మించి ఒక్క యడుగు వేయలేదు. ఏటూరునాగారపు బాటన పోవువారు జంగాలపల్లి కడ ఒక పూట ఆగి, ఆ గుడిని చూచి, వీలైన ఒక కొలత్రాడు వెంట తీసికొనిపోవుదురు గాక యని మా కోరిక.