సబర్ ఒక్కటే చెప్పని హజ్రత్ థానవీ

మన నాయుడుపేటలో ఆలుమగలకు పడకపోతే, సబర్ చేయమని చెప్పి ఆడపిల్లను తిరిగి పంపడం తరచూ చూస్తుంటాం. ‘బహిష్తీ జేవర్’ చదివి పెరిగిన ఇళ్ళలో ఆ మాట మరీ ఎక్కువ. కానీ ఆ గ్రంథకర్త హజ్రత్ మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మతుల్లాహి అలైహి) అక్కడితో ఆగలేదు.

ఆయన 1863లో ఉత్తరప్రదేశ్‌లోని థానా భవన్‌లో జన్మించారు. దేవ్‌బంద్‌లో చదివారు, కాన్పూర్‌లో సుమారు 14 ఏళ్ళు బోధించారు. 1897లో సొంత ఊరికి వచ్చి, తమ ముర్షిద్ హాజీ ఇమ్దాదుల్లాహ్ గారి ఖాన్ఖాహ్‌లో స్థిరపడ్డారు. అక్కడికి రోజూ ఉత్తరాలు వచ్చేవి. కోపం, అసూయ, అనుమానం ఏదైనా సరే, ఆ మనిషి తన చేతుల్లో ఉన్నంతవరకు ఏం చేయగలడో అదే రాసేవారు. ఇద్దరు భార్యల మధ్య వస్తువులను త్రాసులో తూచి పంచేవారని చెబుతారు.

అయితే భర్త జాడ తెలియని స్త్రీకి ఏ సలహా సరిపోతుంది? హనఫీ మజ్‌హబ్ ప్రకారం ఆమె దాదాపు జీవితమంతా ఎదురుచూడాలి. పంజాబులో కొందరు స్త్రీలు నికాహ్ నుండి బయటపడటానికి దీన్‌నే వదిలేశారు. ఇది ఆయనను కదిలించింది. 1930వ దశకం ఆరంభంలో మాలికీ ఉలమాను సంప్రదించి ‘అల్ హీలతున్నాజిజా’ రాశారు. హనఫీ అయి ఉండి మాలికీ తీర్పును తీసుకోవడం చిన్న విషయం కాదు! దాని ప్రకారం ఖాజీ నాలుగేళ్ళ గడువిచ్చి ఆమెను విడిపించవచ్చు. 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. తీర్పు చెప్పేవాడు ముస్లిమే కావాలన్న ఉలమా కోరిక మాత్రం అందులో నెరవేరలేదు. మౌలానా గారు 1943లో పరమపదించారు.