చేతులతో చెప్పిన సువార్త

పట్టిసీమ రేవులో నిలబడితే గోదావరి వెడల్పు మన మాటను మింగేస్తుంది. గట్టు మీది మనిషి పడవలోని వాడిని పిలవాలంటే గొంతు చాలదు. చెయ్యెత్తి ఊపుతాడు, పడవ మళ్లుతుంది. మన ఇళ్లలో చంటిబిడ్డలూ అంతే. నాలుక తిరగకముందే చేతులు చాచి ఎత్తుకోమంటారు. పాస్టరుగారు వస్తే చిట్టి చేతులు జోడించి వందనం పెడతారు. దేవుడు నోటికన్నా ముందు చేతికే మాట నేర్పాడేమో! ఈ సత్యం మీద తన జీవితాన్నంతా కట్టుకున్న దైవసేవకుడు థామస్ హాప్‌కిన్స్ గాలౌడెట్.

ఆయన 1787లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాడు. యేల్ కళాశాలలో చదివి, బోధకుడు కావాలన్న ఆశతో ఆండోవర్ సెమినరీలో 1814లో వేదాంత విద్య ముగించాడు. ఆరోగ్యం అంతంతమాత్రం. ఆ ఏడాదే హార్ట్‌ఫర్డ్‌లో పక్కింటి డాక్టర్ మేసన్ కాగ్స్‌వెల్ కూతురు ఆలిస్‌ను చూశాడు. పసితనంలో జబ్బు చేసి ఆమె వినికిడి పోయింది. దాంతో మాటా పోయింది. గాలౌడెట్ తన టోపీ చూపించి, పుల్లతో నేలమీద ఆ పేరు రాశాడు. ఆ గీతలకూ టోపీకీ ఉన్న సంబంధం పాపకు తెలిసిపోయింది. లోపం బిడ్డ బుద్ధిలో లేదని, ఆమెను చేరే దారి ఎవరూ వెతకలేదని ఆయనకు అర్థమైంది.

విశ్వాసానికి వినడమే దారి అని పౌలు రోమా సంఘానికి రాశాడు. మరి చెవులు వినబడని వారి ఆత్మల సంగతేమిటి? ఈ భారమే ఆయన్ను 1815లో ఓడ ఎక్కించింది. బ్రిటన్‌లో బధిరులకు చదువు చెప్పే బ్రెయిడ్‌వుడ్ కుటుంబం తమ పద్ధతిని రహస్యంగా ఉంచాలని షరతు పెట్టింది. ఆయన ఒప్పుకోలేదు. పారిస్ పాఠశాల మాత్రం తలుపులు తెరిచింది. అక్కడి బధిర ఉపాధ్యాయుడు లారెంట్ క్లెర్క్ 1816లో ఆయనతో కలిసి అమెరికాకు బయలుదేరాడు. 52 రోజుల ప్రయాణంలో క్లెర్క్ సైగలు నేర్పాడు, గాలౌడెట్ ఇంగ్లిషు నేర్పాడు. నేర్పడానికి వెళ్లేవాడు ముందు నేర్చుకోవాలి కదా!

1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో పాఠశాల మొదలైంది. మొదటి విద్యార్థుల్లో ఆలిస్ ఒకరు. అదే ఏడాది చేరిన సోఫియా ఫౌలర్‌ను 1821లో గాలౌడెట్ పెళ్లి చేసుకున్నాడు. ఆమె పుట్టు బధిరురాలు. వారికి ఎనిమిది మంది పిల్లలు. ఆ ఇంట్లో అమ్మ మాట అంటే అమ్మ చేతులే. ఇలాంటి ఇళ్లలో వినికిడి ఉన్న బిడ్డలు కూడా నోటి మాటకు ముందే సైగలు అందుకుంటారని తర్వాతి తరాల పరిశోధకులు గమనించారు. నేడు ఎందరో తల్లులు పాలు, ఇంకా, చాలు అనే సైగలు తమ పసివాళ్లకు నేర్పడం వెనుక ఆ గమనింపు ఉంది.

సంజ్ఞలు మనిషికి సహజమైన భాష అని గాలౌడెట్ 1847లో రాశాడు. 1851లో ప్రభువు సన్నిధికి వెళ్లాడు. పెద్ద కుమారుడు థామస్ 1852లో న్యూయార్క్‌లో బధిరుల కోసం ఆలయం స్థాపించాడు. చిన్న కుమారుడు ఎడ్వర్డ్, తల్లి సోఫియాతో కలిసి 1857లో వాషింగ్టన్‌లో మొదలుపెట్టిన సేవ నేడు గాలౌడెట్ విశ్వవిద్యాలయంగా నిలిచింది.

మాట పడిపోయిన జెకర్యాతో బంధువులు సైగలతో మాట్లాడారు, ఆయన పలక మీద కుమారుని పేరు రాశాడు. దెకపొలిలో యేసయ్య బధిరుణ్ని జనంలోనుంచి పక్కకు తీసుకెళ్లి, ముందు అతని చెవులనూ నాలుకనూ తాకాడు, ఆ తర్వాతే పలికాడు. ప్రభువే అతనికి తెలిసే విధంగా అతని దగ్గరకు వచ్చాడు.

మన సంఘంలో చప్పుడుకు తల తిప్పని బిడ్డ ఉంటే అది ఎవరి పాపఫలమో అని గుసగుసలాడవద్దు. మాట ఆలస్యమైందిలే అని ఏళ్లు గడపవద్దు. వెంటనే వినికిడి పరీక్ష చేయించమని ఆ తల్లికి చెబుదాం. ఆ బిడ్డతో చేతులతో మాట్లాడటం మనమూ నేర్చుకుందాం. ప్రతి ఆదివారం వెనుక బెంచీలో మౌనంగా కూర్చునే ఆ బిడ్డకు సువార్త చేరాలంటే, ముందు మన చేయి లేవాలి.