సుద్దాల హనుమంతు పాటకు లెక్క ఏది?

ఇయ్యాల సారంగాపూర్ల పాట గొప్పదా కాదా అంటే మన పోరగాళ్లు ముందుగాల వ్యూస్ జూస్తున్నరు. మరి సుద్దాల హనుమంతును ఏ లెక్కతోని కొలుద్దాం?

అప్పటి నల్లగొండ జిల్లా పాలడుగుల చేనేత కుటుంబంల పుట్టిండు. ఇంటిపేరు గుర్రం. సుద్దాలల బతికిండు గాబట్టి ఊరే ఇంటిపేరైంది. ఆంధ్ర మహాసభల, కమ్యూనిస్టు పార్టీల పనిజేసిండు. దొరల వెట్టి మీద బుర్రకథలు, గొల్లసుద్దులు కట్టి ఊరూరా చెప్పిండు. చదువు రానోళ్లకు గవే పేపర్లు.

గా పాటలు దుకాణంల అమ్ముడువోలే, నోటి నుంచి నోటికి పోయినయి. సాయుధ పోరాటం 1951ల ఆగింది. పసులు గాసే పిల్లగాని మీద ఆయన కట్టిన పాట 1980ల ‘మా భూమి’ సినిమాలకెక్కింది. అన్నేండ్లు దాన్ని సాదింది జనమే. 1982ల హనుమంతు కన్నుమూసిండు, పాట ఆగలే.

అమ్మకాల లెక్క కంపెనీ చెప్పుకునేది. వ్యూస్ పైసలు వెట్టి గూడ కొంటరు. అందుకే విజ్ఞాన సర్వస్వం రాసేటోళ్లు ఇంకోటి అడగాలె: ఆయనతోని సంబంధం లేనోళ్లు ఏం రాసిండ్రు? ఆయన పోయినంక పాట ఎవలు పాడుతున్నరు?

గా పరీక్షల హనుమంతు నిలుస్తడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఒగ్గుకథ చెప్పిన మన ముసలోళ్ల సంగతేంది? ఫోన్ల పాట రికార్డు జేసినప్పుడు కట్టినోళ్ల పేరు, ఊరు, తారీఖు గూడ రాయుండ్రి. లేకుంటే రేపు ‘జానపదం’ అని ఒక్క ముక్క రాసి మనోళ్ల పేరు కొట్టేస్తరు.