దీపం సంగతి తెలుసు.. కిటికీ సంగతి తెలుసా?

మీరు చేసిన పెద్ద పొరపాటు ఏంటి? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న పడగానే చాలామంది తడబడతారు. నేనూ తడబడ్డాను. దీనికి అసలైన జవాబు ఎలా ఉండాలో నాకు తర్వాతెప్పుడో ఒక జీవితకథ చదివితే అర్థమైంది. ఆమె పేరు ఫ్లారెన్స్ నైటింగేల్. చేతిలో దీపంతో వార్డుల్లో తిరిగే నర్సుగా స్కూలు పుస్తకాల్లో చూసే ఉంటారు. కానీ ఆమె ఎక్కువకాలం చేసిన పని వేరు. లెక్కలు ముందేసుకుని ఆసుపత్రుల డిజైన్ మార్చడం!

1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్‌లో, సంపన్న ఆంగ్లేయ కుటుంబంలో పుట్టింది. ఊరి పేరే ఆమె పేరైంది. చిన్నప్పటి నుంచీ లెక్కలంటే ఇష్టం. నర్సు అవుతానంటే ఇంట్లో ససేమిరా అన్నారు. పెద్దింటి అమ్మాయిలు చేసే పని కాదన్నారు. ఏళ్లు గడిచినా ఆమె పట్టు వదల్లేదు.

1854లో క్రిమియా యుద్ధం జరుగుతోంది. ఆ నవంబరులో 38 మంది నర్సులతో ఇస్తాంబుల్ దగ్గరి స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరుకుంది. అది ఆసుపత్రిగా మార్చిన పాత బ్యారక్స్. కింద పూడుకుపోయిన మురుగుకాలువలు, పైన గాలాడని వార్డులు, వాటినిండా కిక్కిరిసిన సైనికులు. తిండి, బట్టలు, శుభ్రత అన్నీ ఆమె చక్కబెట్టింది. అయినా చావులు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో మరణాల రేటు 42 శాతం దాటింది. మార్చిలో ప్రభుత్వం పంపిన శానిటరీ కమిషన్ వచ్చి కాలువలు కడిగించి, వార్డుల్లోకి గాలి వచ్చే ఏర్పాటు చేయించింది. జూన్‌కల్లా ఆ రేటు 2 శాతానికి దిగింది.

అక్కడున్నంతకాలం తిండి, సామాన్ల కొరతే ప్రధాన కారణమని ఆమె నమ్మింది. 1856లో ఇంగ్లండ్ తిరిగొచ్చాక గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి లెక్కలన్నీ తిరగేసింది. అవి వేరే సంగతి చెప్పాయి. ఎక్కువమందిని చంపింది గాయాలు కాదు, ఆసుపత్రిలో అంటుకున్న జబ్బులు. అంటే తాను రాత్రింబవళ్లు కష్టపడిన ఆ భవనమే మనుషుల్ని చంపింది. ఆలోచించండి, ఈ మాట ఒప్పుకోవడం ఎంత కష్టమో! ఆమె దాచలేదు. ఆ అంకెల్ని రంగుల చార్టుగా గీసి మరీ ప్రభుత్వం ముందు పెట్టింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో తొలి మహిళా సభ్యురాలైంది.

అయితే మొదటి ప్రయత్నం ఫెయిల్. నెట్లీలో కడుతున్న భారీ సైనిక ఆసుపత్రి ప్లాన్ చూసి అభ్యంతరం చెప్పింది. వార్డుల పక్కనే పొడవాటి కారిడార్ ఉండటంతో గాలి సూటిగా లోపలికొచ్చి బయటకు పోయే దారి లేదు. ప్రధానమంత్రి దాకా వెళ్లింది. అప్పటికే పని చాలా ముందుకెళ్లడంతో ప్లాన్ మారలేదు.

అప్పుడేం చేసింది? 1859లో నోట్స్ ఆన్ హాస్పిటల్స్ అనే పుస్తకం వేసింది. ఇంజినీరింగ్ వాళ్లు చదివితే స్పెసిఫికేషన్ షీట్ అనుకుంటారు! ఆసుపత్రి ఒకే పెద్ద భవనం కాకూడదు, విడివిడి బ్లాకులుగా ఉండాలి. బ్లాకుల మధ్య దూరం వాటి ఎత్తుకు కనీసం రెండింతలు. వార్డుకు రెండువైపులా ఎదురెదురు కిటికీలు, ప్రతి రెండు మంచాలకు కనీసం ఒకటి. కిటికీ దాదాపు పైకప్పు దాకా ఉండాలి. 1871లో థేమ్స్ ఒడ్డున తెరిచిన సెయింట్ థామస్ ఆసుపత్రిని ఈ పద్ధతిలోనే కట్టారు. ఇలాంటి వార్డుకు నైటింగేల్ వార్డు అనే పేరే స్థిరపడింది.

ఆమె భారతదేశానికి ఎన్నడూ రాలేదు. అనారోగ్యంతో మంచం పట్టి కూడా ఇక్కడి కంటోన్మెంట్లకు ప్రశ్నావళులు పంపించి, బ్యారక్స్ పరిస్థితిపై వివరాలు తెప్పించుకుంది. 1863లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక వెనక ఆ శ్రమ ఉంది. 1910లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఇక్కడో తిరకాసు ఉంది. చెడుగాలే రోగాలు పుట్టిస్తుందని ఆమె నమ్మింది. సూక్ష్మక్రిముల సంగతి అప్పటికింకా రుజువు కాలేదు. కలరా నీటితో వస్తుంది కాబట్టి ఆ విషయంలో ఆమెది తప్పే. కానీ గాలి ద్వారా సోకే క్షయ లాంటి జబ్బుల విషయంలో ఆమె కిటికీ సరైన మందు. 2007లో వెలువడిన ఓ అధ్యయనం కోసం పెరూ రాజధాని లిమాలోని ఎనిమిది ఆసుపత్రుల్లో పరిశోధకులు గాలి మార్పిడిని కొలిచారు. క్షయ సోకే అవకాశం యంత్రాలతో గాలి నడిపే గదుల్లో 39 శాతం, ఎత్తు పైకప్పు, పెద్ద కిటికీలున్న పాత గదుల్లో 11 శాతమని అంచనా కట్టారు. కిటికీలు తెరిచి ఉంటేనే సుమా! ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2009లో సహజ గాలితో ఇన్ఫెక్షన్లు తగ్గించడంపై మార్గదర్శకాలు ఇచ్చింది.

మీరు సివిలా, మెకానికలా, ఆర్కిటెక్చరా, డేటా అనలిటిక్సా? ఏ బ్రాంచి అయినా ఈ పనిలో మీకు చోటుంది. ఈసారి ఏ ఆసుపత్రికి వెళ్లినా ఓపీ హాల్లో ఒక్క నిమిషం నిలబడి చూడండి. గాలి ఎటు నుంచి వస్తోంది? దగ్గే మనిషి మీదుగా ఎటు పోతోంది? ఇక ఇంటర్వ్యూలో పొరపాటు గురించి అడిగితే, దాచకండి. ఏం జరిగిందో, మీ లెక్కలు మీకేం చెప్పాయో, ఆ తర్వాత ఏం మార్చారో చెప్పండి. నైటింగేల్ చేసిందీ అదే.